కొన్నవా, చేసినవా?

డిసెంబర్ రాగానే వియన్నాలోని మా ఆఫీసు వంటగదిలో బల్ల మీద రేకు డబ్బాలు చేరతాయి. క్రిస్మస్ బిస్కెట్లు ఎవరింట్లో చేసినవి వాళ్ళు తెచ్చిపెడతారు. నేనూ ఓ మంచి బేకరీ నుంచి వనిల్లెకిప్ఫెర్ల్ ప్యాకెట్ తెచ్చి పెట్టాను. నెలవంక ఆకారంలో ఉండే బాదం, వెన్న బిస్కెట్లవి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మా సీనియర్ ఒకావిడ ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి కొన్నవి" అని పక్కన పెట్టేశారు.

ఆ ఒక్క మాట నాలో చాలా నలిగింది. చీకటితోనే ట్రామ్ ఎక్కి, సాయంత్రం పాపను కిండర్‌గార్టెన్ నుంచి తెచ్చుకుని, అప్పుడు పొయ్యి వెలిగించే మనిషిని. మంచివి చూసి, డబ్బు పెట్టి కొని తేవడంలో తప్పేముంది? లేదనే ఇప్పటికీ అంటాను. కానీ అరిసెలు ఎవరు పంపినా మా పెద్దమ్మ మొదట అడిగేదీ అదే కదా, కొన్నవా, చేసినవా అని! ఇంత దూరం వచ్చినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదే అని బాధేసింది.

శుక్రవారం ఆవిడే నా సీటు దగ్గరికి వచ్చి, "ఆదివారం మా ఇంటికి రా, కలిసి చేద్దాం" అన్నారు. ఆదివారం ఇక్కడ దుకాణాలు ఉండవు కాబట్టి సామానంతా ముందురోజే తెచ్చిపెట్టుకున్నారు. మైదా 280 గ్రాములు, చల్లటి వెన్న 210, బాదంపొడి 100, పంచదార పొడి 80. గుడ్డు లేదు, నీళ్ళ చుక్క లేదు. చేతి వేడికి వెన్న కరిగిపోకుండా గబగబా కలిపి, ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టారు. తర్వాత చిన్న ముక్కలు కోసి, ఒక్కోటీ చివరలు సన్నబడేలా అరచేతుల మధ్య దొర్లించి వంచాలి. 1683లో ఈ ఊరిని ముట్టడించిన టర్కీ సైన్యం ఓడిపోయిందన్న ఆనందంతో, వాళ్ళ జెండా మీది నెలవంకను చూసి ఈ ఆకారం పుట్టిందని ఆవిడ భర్త చెప్పారు. నెలవంక రొట్టెలు ఇక్కడ అంతకుముందే ఉండేవట, అయినా ఆ కథంటే ఈ ఊరివాళ్ళకు ఇష్టం.

170 డిగ్రీల్లో పన్నెండు నిమిషాలు. ఎర్రబడకముందే తీసేయాలి. అసలు పని అప్పుడు మొదలవుతుంది. వేడి మీద ఉండగానే వనిల్లా పంచదార చల్లాలి, ఆరిపోతే అంటుకోదు. అలాగని వేడి మీద ముట్టుకుంటే విరిగిపోతాయి. ఆవిడ ట్రే కదలకుండా జల్లెడను వేలితో తడుతూ చల్లి, కాస్త గట్టిపడ్డాక ఒక్కోదాన్నీ వేళ్ళ కొసలతో ఎత్తి అడుగున కూడా పంచదార అద్దారు. డబ్బాలో వరసకూ వరసకూ మధ్య కాగితం పరిచారు. ఆ పనితనం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

బాదం పొడి కొట్టింది ఆవిడ భర్త. ట్రేలు కడిగింది కొడుకు. మా ఇంట్లో పిండివంటలప్పుడు మగవాళ్ళ పని రుచి చూసి ఉప్పో, తీపో చెప్పడం వరకే. అది తల్చుకుంటే కష్టంగానే ఉంది. కానీ కజ్జికాయల రోజు మా అరుగు మీద వీధి వీధంతా కూర్చునేది. ఇవాళ మా ఇంట్లో, రేపు పక్కింట్లో. పిండి కొలిచినవాళ్ళు లేరు, పంచేటప్పుడు లెక్కపెట్టినవాళ్ళు అసలే లేరు. ఈవిడ నా డబ్బాలో ఒకటీ రెండూ అని లెక్కపెట్టి సర్దుతుంటే మనసు చివుక్కుమంది. అంత చాకిరీ చేశాక ఎవరైనా లెక్కపెట్టుకుంటారు, తెలుసు. అయినా మనవైపు గిన్నె నింపి ఇవ్వడమే నాకు నచ్చుతుంది.

ఆ గిన్నెలు నింపీ నింపీ మా అమ్మ నడుం పోయింది. ఇప్పుడు సంక్రాంతికి స్వగృహ షాపులో కొంటోంది. కొనమన్నది నేనే, సరైన మాటే చెప్పాను. కొన్నవని ఆవిణ్ణి ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. ఆ మాటే మా సీనియర్‌తో అంటే, తన తల్లి కూడా చివరి రోజుల్లో కొనేదని చెప్పారు.

జనవరి 14 నాకిక్కడ మామూలు పనిరోజు. జనవరి 6 మాత్రం అందరికీ సెలవు, బాల ఏసును చూడ్డానికి వచ్చిన ముగ్గురు రాజుల పండుగ. ఆ రోజు కజ్జికాయలు చేద్దాం రమ్మని ఆవిణ్ణి పిలిచాను. కొబ్బరి కోరడానికి ఆవిడ భర్త కూడా వస్తానన్నారు.