సిమిలిపాల్ నల్లపులిని చూసి మురిసిపోవచ్చా?

ఒడిశాలోని సిమిలిపాల్ అడవిలో నల్లపులి కెమెరాకు చిక్కినప్పుడల్లా పత్రికలు దాన్ని ప్రకృతి వింతగా రాస్తాయి, మనమూ అలాగే చదువుకుంటాం. ఆ నలుపు పులికి చేటు చేస్తుందని ఎవరూ అనలేదు కానీ, ఒక్క అడవిలోనే అది అంతగా ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు దొరికిన జవాబు మాత్రం సంతోషించదగినది కాదు.

అవి పూర్తిగా నల్లటి పులులు కావు. చారలు వెడల్పయి ఒకదానిలో ఒకటి కలిసిపోవడంతో అలా కనిపిస్తాయి. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ ఎన్‌సీబీఎస్‌కు చెందిన ఉమా రామకృష్ణన్ బృందం 2021లో దీనికి కారణం ట్యాక్‌పెప్ అనే జన్యువులో వచ్చిన ఒక చిన్న మార్పేనని తేల్చింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ మారిన ప్రతే వస్తే తప్ప పిల్లకు ఈ రంగు రాదు కనుక, మామూలుగా ఇది అత్యంత అరుదుగా ఉండాలి. అయినా సిమిలిపాల్ పులుల్లో దాదాపు 37 శాతం ఇలాంటివేనని ఆ అధ్యయనం చెప్పింది. బయటి పులుల రాకపోకలు లేని చోట, ఏ కొద్ది పులులో వంశమూలంగా మిగిలి, వాటి సంతానం తమలో తామే జతకట్టుకుంటూ పోవడమే దీనికి కారణం. మేనరికాల గురించి డాక్టర్ల హెచ్చరికలు వింటూ పెరిగిన తెలుగువాళ్లకు ఇంతకన్నా విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇలాంటి స్థితి ముదిరితే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లోరిడా చూపించింది. అక్కడ ముప్ఫైకి మించకుండా మిగిలిన ప్యూమాలలో (ఇవీ పిల్లి జాతికి చెందిన పెద్ద వేట జంతువులే) తోకలు వంకరపోయాయి, గుండెలో లోపాలు కనిపించాయి, మగవాటి వీర్యం దెబ్బతింది. 1995లో టెక్సస్ నుంచి తెచ్చి వదిలిన ఎనిమిది ఆడ ప్యూమాలలో ఐదింటికే పిల్లలు పుట్టినా, ఆ కొత్త రక్తంతో లోపాలు తగ్గి సంతతి పుంజుకుంది.

సిమిలిపాల్‌లోనూ అదే ఉద్దేశంతో 2024 చివర్లో మహారాష్ట్రలోని తడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులులను తెచ్చారు. జీనత్ కొత్త అడవిలో నిలవకుండా జార్ఖండ్ దాటి పశ్చిమ బెంగాల్ చేరుకుంది. చివరికి డిసెంబరులో బాంకుడా జిల్లాలో మత్తుమందిచ్చి పట్టుకుని వెనక్కి తీసుకురావలసి వచ్చింది. ఏ అడవికి ఎలాంటి జన్యువులు కావాలో ప్రయోగశాల చెప్పగలదు గానీ, పులి ఎక్కడ ఉండాలో అది నిర్ణయించలేదు.

అదే తడోబా వైపు నుంచి మన ఆదిలాబాద్ అడవులకు పులులు ఎవరూ తీసుకురాకుండానే నడిచి వస్తున్నాయి. సిమిలిపాల్ కోసం ఇంత శ్రమపడి చేస్తున్న పని ఇక్కడ ఖర్చు లేకుండా జరుగుతోందన్న మాట. ఆ దారిని కాపాడేందుకు కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వును (వన్యప్రాణుల సంరక్షణ ప్రాంతాన్ని) ప్రకటిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 మేలో జీవో 49 ఇచ్చింది, ఆదివాసుల నిరసనతో జులైలో దాన్ని నిలిపివేసింది. భూమి పోతుందన్న వాళ్ల భయం నిరాధారమైనది కాదు. అయితే ఆ జీవోను పక్కన పెట్టి ఊరుకుంటే సరిపోదు. పోడు భూములకు రాతపూర్వకమైన హామీ ఇచ్చి, గ్రామసభల్లో కూర్చుని మాట్లాడి, ఆ దారి మూసుకుపోకముందే ఒప్పందానికి రావాలి.