అగ్గిపెట్టంత ఇల్లు చూడ్డానికి హాలిఫాక్స్ వెళ్ళాం

కెనడా వచ్చి ఇన్నేళ్ళయినా నోవా స్కోషియా చూడలేదని ఈ సమ్మర్‌లో మేమిద్దరం వెళ్ళాం, మా ఆయన సముద్రం కోసం, నేను మాత్రం అక్కడి జానపద చిత్రకారిణి మాడ్ లూయిస్ ఇల్లు కోసం. హాలిఫాక్స్ ఆర్ట్ గ్యాలరీలో బొమ్మల పక్కన ఆవిడ ఇల్లే పెట్టేశారు, మొత్తం ఇల్లు, ఊరి నుంచి తెచ్చి!

చిన్నదని చదివాను గానీ ఇంత చిన్నదనుకోలేదు. సుమారు పదమూడున్నర అడుగులు ఒక వైపు, పన్నెండున్నర ఇంకో వైపు, మా అమ్మమ్మ వంటిల్లే ఇంతకన్నా పెద్దది. ఇందులో ఆవిడ, చేపలమ్మే మొగుడు ఎవరెట్ 1938లో పెళ్ళయినప్పటి నుంచి ఉన్నారు, కరెంటు లేదు, కుళాయి లేదు. చిన్నప్పుడే వచ్చిన ఆర్థరైటిస్‌తో వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. ఆ చేత్తోనే తలుపు, పొయ్యి, బ్రెడ్ డబ్బా, ఆఖరికి కిటికీ అద్దం మీద కూడా పూలు, పిట్టలు, సీతాకోకచిలుకలు వేసేసింది. నేను చాలాసేపు పొయ్యి దగ్గరే ఆగిపోయాను. మసి పట్టే చోట పూలేంటి అనిపించింది, తర్వాత మా అమ్మమ్మ గుర్తొచ్చింది, ప్రతి పండక్కీ పొయ్యికి సున్నం కొట్టి ముగ్గేసేది కదా, మళ్ళీ మర్నాటికి మసే.

ఆవిడకి బొమ్మలు నేర్పింది వాళ్ళమ్మే, క్రిస్మస్ కార్డులు వేయడం. మొగుడితో చేపల బండిలో తిరుగుతూ కార్డు 25 సెంట్లకి అమ్మేది, తర్వాత పెయింటింగులు రెండు మూడు డాలర్లు. రంగులు కలపదు, ట్యూబ్‌లోంచి తీసి నేరుగా పూసెయ్యడమే, నీడలు ఉండవు, ఎద్దులకి మాత్రం సినిమా హీరోయిన్‌లా కనురెప్పల వెంట్రుకలు! 1964లో ఒక పత్రిక, 1965లో కెనడా ప్రభుత్వ టీవీ సీబీసీ చూపించాక ఆర్డర్లే ఆర్డర్లు, నిక్సన్ వైట్‌హౌస్ నుంచి కూడా రెండు అడిగారు, డబ్బులు ముందు పంపమందట. 1970లో పోయింది. డబ్బంతా ఎవరెట్ దాచేసేవాడంటారు, నాకు ఆయన మీద ఒళ్ళు మండింది గానీ ఇంటిపని, వంట ఆయనే చూసుకునేవాడు కాబట్టి ఆవిడ కూర్చుని వేయగలిగింది, అది కూడా నిజమే.

మర్నాడు రెండున్నర గంటలు డ్రైవ్ చేసి డిగ్బీ పక్కన మార్షల్‌టౌన్ వెళ్ళాం, దారిలో జీపీఎస్ మమ్మల్ని ఏదో పొలంలోకి తీసుకెళ్ళింది, ఆ గొడవ వద్దులెండి. ఇల్లు ఉండే చోట ఇప్పుడు అంతే సైజులో స్టీల్‌తో ఒక గూడు కట్టారు, లోపల ఏమీ లేదు. మా ఆయన అడుగులేసి కొలిచి "నాలుగడుగులకి అయిపోయిందే" అన్నారు.

2022లో ఆవిడ నల్ల ట్రక్కు బొమ్మ మూడు లక్షల యాభై వేల డాలర్లకి అమ్ముడుపోయింది, అది ఎప్పుడో ఒంటారియోలో ఒక హోటల్ వాళ్ళకి చీజ్ శాండ్‌విచ్‌ల బదులు ఎవరో ఇచ్చిందే. కార్లో చెబితే ఈయన ఎంత శాండ్‌విచ్ అని లెక్కలేశారు.

కిటికీ ఎక్కడుండేదో ఊహించుకుని అక్కడ నిలబడి చూశాను, కనిపించేది రోడ్డే. ఆవిడ బయట "పెయింటింగులు అమ్మబడును" అని బోర్డు పెట్టుకుని ఈ రోడ్డే చూస్తూ ఉండేది. ఒక కారు కాస్త స్లో చేసి మమ్మల్ని చూసి వెళ్ళిపోయింది.