గల్ఫ్‌కి సెంట్రింగ్, రాడ్, సుతారి (తాపీ) పనివాళ్ళ ఎంపిక: ట్రేడ్ టెస్టు సరిగ్గా ఎలా పెట్టాలి

గల్ఫ్ నిర్మాణ కంపెనీ మనుషులు కావాలంటూ డిమాండ్ లెటర్ పంపగానే ఇక్కడ హడావిడి మొదలవుతుంది. పాస్‌పోర్టులు పోగవుతాయి, మెడికల్స్ అయిపోతాయి, టికెట్లు వచ్చేస్తాయి. మధ్యలో పని చేయించి చూసే ట్రేడ్ టెస్టు పది నిమిషాల తంతుగా ముగుస్తుంది. సైటు మీద బయటపడే గొడవల్లో చాలా వాటికి మూలం ఆ పది నిమిషాలే. కార్పెంటర్‌గా వెళ్ళినవాడు డ్రాయింగు ముందు నిలబడిపోతాడు, ఫోర్‌మన్ అతన్ని హెల్పర్‌లోకి తోస్తాడు, జీతం తగ్గుతుంది. యూఏఈలోనూ ఖతర్‌లోనూ ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండొచ్చు. ఆ గడువులో వెనక్కి పంపడం కంపెనీకి పెద్ద కష్టమేమీ కాదు. వెళ్ళినవాడి అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

మనవాళ్ళకి పని రాదని కాదు. ఇక్కడి పనికీ అక్కడి పనికీ పద్ధతిలో తేడా ఉంది, టెస్టులో తేలాల్సింది అదే.

ముందు సెంట్రింగ్. 18 మిల్లీమీటర్ల ఫిల్మ్ ఫేస్ ప్లైవుడ్ ఇచ్చి 300 × 600 పిల్లర్ బాక్సు కొట్టమనండి. నాలుగు పలకల్నీ అవే కొలతలకి కోసి, ఒక జతని రెండో జత అంచుల మీదికి ఎక్కించాడంటే లోపల 36 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. తెలిసినవాడు ఒక జతని ఉన్నదున్నట్టు కోసి, రెండో జతకి రెండు ప్లై మందాలు కలుపుకుంటాడు. బాక్సు బిగించాక మూలమట్టం ఊరికే ఆనించి వదిలేస్తున్నాడా, మూల నుంచి ఎదుటి మూలకి రెండు కొలతలూ తీస్తున్నాడా చూడండి. ఈ బాక్సుకి అది రెండు వైపులా 671 దగ్గర రావాలి. తర్వాత నిలబెట్టి వడంబం (నిలువు చూసే గుండు) వేయించండి. మూడు మీటర్ల ఎత్తులో 5 మిల్లీమీటర్లకి మించి వాలితే ఫెయిల్ అనుకోవచ్చు. ఇక్కడ కర్ర బల్లీలు, మేకులు, బైండింగ్ వైరుతో నెట్టుకొచ్చినవాళ్ళకి అక్కడి హెచ్20 చెక్క దూలాలు, రెండు వైపుల పలకల్ని పట్టి ఉంచే టై రాడ్లు, వాటిని బిగించే వింగ్ నట్లు కొత్త. అందుకని ఒక చిన్న గోడ ప్యానెల్ కూడా పెట్టండి. టై రాడ్ మీద పీవీసీ గొట్టం తొడగడం మర్చిపోతే కాంక్రీటు గట్టిపడ్డాక రాడ్ బయటికి రాదు. మర్చిపోయేవాడెవడో టెస్టులోనే తెలిసిపోతుంది.

రాడ్ బెండింగ్‌లో చెయ్యి ఆగదు, కన్ను ఆగుతుంది. మన దగ్గర మేస్త్రి నోటితో చెబుతాడు, కుర్రాడు వంచుతాడు. అక్కడ చేతికి బార్ బెండింగ్ షెడ్యూల్, అంటే ఏ రాడ్ ఎంత పొడవు, ఏ ఆకారమో చెప్పే పట్టిక, ఇస్తారు. బ్రిటిష్ పద్ధతి నడిచే సైట్లలో డ్రాయింగు మీద 25టీ16-03-150 బీ1 అని ఉంటుంది. అంటే 16 మిల్లీమీటర్ల రాడ్లు 25, మార్కు 03, 150 ఎడంలో, అడుగు వరసల్లో మొదటిది. ఇది చదివి చెప్పలేనివాడిని రాడ్ ఫిక్సర్‌గా పంపకూడదు. షేప్ కోడ్లలో, అంటే వంపు ఆకారాల నంబర్లలో, కనీసం నాలుగు గుర్తుపట్టాలి: 00 తిన్నటి రాడ్, 11 ఎల్, 21 యూ, 51 రింగు. చిన్న లెక్క ఒకటి అడగండి. 300 × 600 పిల్లర్‌కి కవర్ (రాడ్ బయట ఉండే కాంక్రీటు మందం) 40 అయితే రింగు బయటి కొలత ఎంత? 220 × 520 అని వెంటనే వచ్చిందంటే మనిషి పనికొస్తాడు. కవర్‌ని ఒక్క వైపే తీసేసి 260 అనేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. వంపు దగ్గర కూడా గమనించండి. 16 దాకా లోపలి వంపు వ్యాసార్ధం కనీసం రాడ్ మందానికి రెండింతలు ఉండాలి, 20 నుంచి మూడున్నర ఇంతలు. అన్నిటికీ ఒకే పిన్ను వాడేవాడు 25 రాడ్‌ని బిగించి వంచి పగుళ్ళు తెప్పిస్తాడు. బరువు లెక్క, అంటే మందం వర్గాన్ని 162తో భాగించడం, వస్తే మంచిదే, కానీ దానికోసం ఎవర్నీ ఫెయిల్ చెయ్యక్కర్లేదు. అది స్టోర్‌వాళ్ళ పని.

సుతారి పనిలో ఇటుకకీ బ్లాకుకీ తేడా ఉంది. 400 × 200 × 200 హాలో బ్లాకుతో, 10 మిల్లీమీటర్ల సందుతో ఎల్ ఆకారంలో మూల గోడ ఐదు వరసలు కట్టించండి. ఎత్తు 1,050 రావాలి. వరస వరసకీ సందు పెంచుకుంటూ పోయేవాడికి చివర్న 1,080 దాటుతుంది. గోడ పిల్లర్‌ని తాకే చోట ఇనప పట్టీ (టై) పెట్టడం, పైన స్లాబు కింద ఖాళీ వదిలి మెత్తటి ఫిల్లర్ నింపడం తెలుసా అని నోటితోనే అడగొచ్చు. మన ఇళ్ళ పనుల్లో ఆ ఖాళీని మాలుతో బిగించేస్తాం కాబట్టి చాలామందికి ఇది కొత్త. ప్లాస్టరింగ్ అయితే బుల్ మార్కులు, అంటే మందానికి గుర్తుగా ముందే వేసే మాలు బిళ్ళలు, పెట్టే తీరులోనే సగం తెలిసిపోతుంది. బ్లాకూ కాంక్రీటూ కలిసే చోట జాలీ, మూలకి యాంగిల్ బీడ్, ఆరాక రెండు మీటర్ల గజంబద్ద ఆనిస్తే 3 మిల్లీమీటర్ల లోపు సందు. ఈ మూడూ చూస్తే చాలు.

టెస్టు జరిగే చోట మోసాలు కూడా పాతవే. ఒకడు టెస్టు ఇచ్చి ఇంకొకడు విమానం ఎక్కుతాడు. అందుకే చేసిన పని పక్కన మనిషినీ పాస్‌పోర్టునీ నిలబెట్టి ఫొటో, పని నడుస్తుండగా ముఖం కనిపించేలా వీడియో ఉండాలి. ఏజెంటు యార్డులో వారం ముందునుంచీ అదే బాక్సు కొట్టించి అలవాటు చేస్తారు. కొలత ఆ రోజు పొద్దున మార్చేస్తే ఆ బట్టీ పనిచెయ్యదు. ఒక టెస్టర్ రోజుకి పాతిక ముప్ఫై మందిని మించి చూడలేడు. నూటయాభై మందిని ఒక్క రోజులో తేల్చేశామని చెప్పే ఏజెన్సీ ఆ మనుషుల్ని చూడనే లేదన్నమాట. అలాగే సూచనలు కొన్ని హిందీలో ఇవ్వండి. గల్ఫ్ సైట్లలో ఫోర్‌మన్ మాట ఎక్కువగా హిందీయే. నిజామాబాద్, జగిత్యాల వాళ్ళకి అది కొంత వచ్చు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మంచి పనివాడు ఒక్కోసారి భాష అందక వెనకబడతాడు. అలాంటివాళ్ళని తీసెయ్యకుండా నలుగురిని కలిపి ఒకే గ్యాంగులో పంపాలి.

ఇజ్రాయెల్ నియామకాలు దీనికి మంచి ఉదాహరణ. 2023 నవంబరులో భారత్, ఇజ్రాయెల్ చేసుకున్న ఒప్పందం తర్వాత షట్టరింగ్, ఐరన్ బెండింగ్, సిరామిక్ టైలింగ్, ప్లాస్టరింగ్, ఈ నాలుగు పనులకి మనుషుల్ని తీసుకున్నారు. నెలకి సుమారు 6,100 షెకెళ్ళ జీతం. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా ఎంపికలు జరిగాయి. దేశం నుంచి మొదటి బృందం 2024 ఏప్రిల్‌లో వెళ్ళింది. అంత జీతం ఉన్న చోట కూడా, పనికీ నైపుణ్యానికీ పొంతన కుదరక కొందరిని వేరే పనులకి మార్చారని అదే ఏడాది వార్తలొచ్చాయి.

టెస్టు బాగున్నా కాగితాలు తప్పితే ఫలితం ఒకటే. డిమాండ్ లెటర్‌లో ఒక్కో వృత్తికీ వేర్వేరు వరస ఉండాలి: ఎంతమంది, బేసిక్ (మూల జీతం) ఎంత, భోజనం ఎవరిది, ఎన్ని గంటలు, ఎన్నేళ్ళు. మొత్తం జీతం చెప్పి బేసిక్ దాచడం మామూలు. ఉదాహరణకి 1,500 దిర్హాంలు అని చెప్పి బేసిక్ 800 పెడితే, యూఏఈలో ఓవర్‌టైమూ గ్రాట్యుటీ లెక్కకట్టేది ఆ 800 మీదే. ఖతర్‌లో 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్ళు. కంపెనీ వసతి, భోజనం ఇవ్వకపోతే మరో 500, 300 కలపాలి. టెస్టులో బీ గ్రేడ్ వచ్చినవాళ్ళకి అసిస్టెంట్ వరస లెటర్‌లోనే ఉండాలి. "అక్కడికెళ్ళాక పెంచుతారు" అన్న మాటకి ఎక్కడా విలువ లేదు.

వీసా మీద రాసిన వృత్తి ఇంకా పెద్ద చిక్కు. కంపెనీ చేతిలో లేబర్ వీసాలు మిగిలి ఉంటాయి, కావాల్సింది కార్పెంటర్లు. వాళ్ళని లేబర్ వీసా మీద పంపేస్తారు. అకామాలో (అక్కడి నివాస కార్డులో) ఒకటి, చేసే పని మరొకటి అయితే తనిఖీలో కంపెనీ, పనివాడు ఇద్దరూ దొరుకుతారు. సౌదీ కొన్ని వృత్తులకి వీసాకి ముందే నైపుణ్య పరీక్ష పెట్టింది, కాబట్టి ఆ జాబితాలో మీ వృత్తి ఉందో లేదో టికెట్ మాట ఎత్తకముందే చూసుకోండి.

ఖర్చు సంగతి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపి 35,400. సబ్ ఏజెంటుకి చట్టంలో చోటే లేదు. ఊళ్ళో లక్షన్నర వడ్డీకి తెచ్చి కట్టినవాడు, అక్కడ పక్క కంపెనీలో రెండు వందలు ఎక్కువిస్తామంటే ఖల్లివెల్లి అయిపోతాడు, అంటే కంపెనీ వదిలి పారిపోతాడు. మనుషులు పారిపోతున్నారని ఫిర్యాదు చేసే కంపెనీలు ముందు తమ ఏజెంటు ఎంత గుంజాడో అడగాలి.

పంపే వేళ కూడా లెక్కలోకి తీసుకోండి. ముందు సెంట్రింగ్, రాడ్ వాళ్ళు, మూడు నాలుగు నెలలకి సుతారులు, ఆ తర్వాత టైల్స్ వాళ్ళు. అందర్నీ ఒకేసారి దింపితే సగం మంది క్యాంపులో కూర్చుంటారు. కొత్తవాళ్ళని జూన్‌లో దింపకపోతే మంచిది. యూఏఈ, సౌదీలలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఖతర్‌లో జూన్ 1 నుంచే, మధ్యాహ్నం ఎండలో పని నిషేధం. ఒంటికి వేడి అలవాటు కాకముందే ఆ నెలల్లో పడితే కష్టం. మెడికల్‌లో పాత టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనబడినా అన్‌ఫిట్ రావచ్చు కాబట్టి పదిమందికి ఒకరిద్దరు చొప్పున రిజర్వు పెట్టుకోండి.

పదో తరగతి పాస్ కానివాళ్ళకి ఈసీఆర్ (వెళ్ళడానికి ముందే ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టు, ప్రభుత్వ పోర్టల్ ఈమైగ్రేట్‌లో ఆ క్లియరెన్స్ తప్పనిసరి. ప్రవాసీ భారతీయ బీమా కూడా అప్పుడే: రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375, ప్రమాదంలో మరణానికి 10 లక్షలు. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా చూసి, కాంట్రాక్టు, బీమా, వీసా కాపీలు మూడూ ఇంట్లో ఒకరి ఫోన్‌లో పెట్టించాకే టికెట్ చేతికివ్వండి.