పిల్లికూతల లెక్క

"ఇంత చదివి, అంత దూరం వెళ్ళి, చివరికి మూత్ర పరీక్షలటే?" అని అమ్మ ఫోన్లో నవ్వింది. నవ్వు చివర సన్నగా పిల్లికూత. ఆవిడకి ఆయాసం నా చిన్నప్పటి నుంచీ ఉంది. మృగశిర కార్తెకి నాన్న హైదరాబాద్ తీసుకెళ్ళి చేపమందు మింగించేవారు. నోట్లో కొట్టుకుంటున్న కొర్రమీను పిల్లను మింగలేక ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నాకింకా గుర్తే.

స్టాక్‌హోమ్‌లో నా పనీ ఆ ఆయాసం చుట్టూనే. ఊపిరిగొట్టాలను బిగించేసే కొవ్వు అణువులు ల్యూకోట్రైయీన్లు. ఆ పేరు ఈ ఊళ్ళోనే పుట్టింది, 1979లో, కరోలిన్‌స్కా వైద్య సంస్థలో. పెట్టిన బెంగ్ట్ సామ్యుయెల్సన్‌కి 1982 నోబెల్‌లో వాటా దక్కింది.

రక్తంలోనే కొలవచ్చుగా అని వచ్చిన కొత్తలో నేనూ అనుకున్నాను. ఒకరోజు రక్తం ట్యూబులు బల్లమీదే వదిలి ఫీకాకి వెళ్ళాను. ఇక్కడ కాఫీ విరామాన్ని అలా అంటారు, ఎగ్గొడితే బాగుండదు. ట్యూబులు సరిగ్గా కలపలేదు కాబోలు, వచ్చేసరికి గడ్డకడుతున్నాయి. అయినా మెషీన్లో పెట్టాను. థ్రాంబాక్సేన్ అనే మరో కొవ్వు అణువు పీక్, అంటే తెరమీద దాని గీత, తాటిచెట్టంత లేచింది. అది పేషెంటు ఒంట్లోది కాదు, ట్యూబులో ప్లేట్‌లెట్లు అప్పటికప్పుడు చేసి పెట్టింది. వారం పని చెత్తబుట్టలోకి పోయింది.

అందుకే మూత్రం. ఒళ్ళు ల్యూకోట్రైయీన్ సి4 నుంచి ముందు గ్లుటామిక్ ఆమ్లం ముక్క, తర్వాత గ్లైసీన్ ముక్క తెంచి ల్యూకోట్రైయీన్ ఇ4గా మారుస్తుంది. అందులో కొంత మూత్రంలోకి వచ్చేస్తుంది. సూది గుచ్చినందుకు పుట్టిన గొడవ అందులో ఉండదు. అణువులను తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 438 బరువు దగ్గర అయాన్లను, అంటే విద్యుదావేశం ఎక్కిన అణువులను పట్టి, వాయువుతో ఢీకొట్టించి, 333 బరువున్న ముక్క రాలిందా లేదా చూస్తాం. డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, ఎక్కించిన అదే అణువును లెక్క తెలిసిన మోతాదులో ముందే కలిపి ఉంచుతాం, అది మా తూకంరాయి. మెషీన్‌కి ముందు అణువులను విడదీసే గొట్టం ఒకటుంటుంది, కాలమ్ అంటాం. అందులోంచి ఏ నిమిషానికి బయటికొచ్చిందన్నదీ చూడాలి. ప్రోస్టాగ్లాండిన్లు అని ఇలాంటి కొవ్వు అణువులే ఇంకొన్ని ఉన్నాయి. వాటిలో డి2, ఇ2 కవలల్లాంటివి, రెండింటికీ 351, 271 అవే అంకెలు. ఆ నిమిషమే లేకపోతే వాటిని విడదీయలేం.

"రాత్రి వేసుకుంటావే మాంటెలుకాస్ట్, అది ల్యూకోట్రైయీన్ల తయారీని ఆపదమ్మా. ఇవి కూర్చోవాల్సిన పీట మీద ముందే వెళ్ళి కూర్చుంటుంది."

"అయితే నాది కూడా చూడవే."

"ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకుండా చుక్క కూడా ముట్టుకోకూడదు."

అమ్మ కాసేపు ఆలోచించింది. "చేపమందు మింగిన రోజుల్లో చూసుంటే తేలిపోయేదిగా, పనిచేసిందో లేదో!"

ఏమాటకామాటే, ప్రయోగం బాగుంది. మింగేముందు ఒక శాంపిల్, మర్నాడు ఒకటి, కార్తె దాటాక ఇంకొకటి. క్యూలో జనానికా కొదవ!