గడియారం నొక్కడం మర్చిపోయింది

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున ఐదింటికి లేచి, పులిహోర డబ్బా సంచిలో వేసుకుని, గుంటూరులో విజయవాడ బస్సెక్కాం. పాపకి ర్యాపిడ్ చెస్ టోర్నమెంటు, ఏడు రౌండ్లు. బస్సులో దానికి ఫ్రీ, నాకే టికెట్టు. ఎంట్రీ ఫీజు 800, ఆటోలు, చెరుకురసం. రోజు గడిచేసరికి పదిహేను వందలు దాటింది. "ఇంట్లో కూర్చుని ఫోన్లో ఆడితే పైసా ఖర్చు లేదు కదా" అని వాళ్ళమ్మ నిన్న రాత్రే అంది. నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే ఉంది.

మొదటి రౌండు నుంచి ఎర్రటి కళ్ళతో బయటికొచ్చింది. గెలిచే ఆట టైమ్ అయిపోయి పోయింది. ఎత్తు వేసి గడియారం నొక్కడం మర్చిపోయిందట, దాంతో ఎదుటివాడి టైముకి బదులు దీని టైమే కరుగుతూ పోయింది. ఎదుటి పిల్లాడు గడియారం వంకే చూస్తూ నోరు మెదపకుండా కూర్చున్నాడట. వాడి తప్పేం లేదు, చెప్పాలని రూలు లేదు. రెండేళ్ళుగా ఇది ఆడిందంతా ఆన్‌లైన్‌లోనే. అక్కడ పావు కదిపితే చాలు, గడియారం దానంతటదే మారుతుంది.

మూడో రౌండులో ఇంకోటి. గుర్రాన్ని ముట్టుకుంది. ముట్టుకున్నాక కదపాల్సిందే, కదిపితే వెనకున్న ఏనుగు పోతుంది. పోయింది కూడా. తెర మీద పావుని ఎత్తి మళ్ళీ అక్కడే దించేసినా అడిగేవాడు లేడు. ఆ వేలి అలవాటు ఇక్కడ ఏనుగుని మింగింది. ఇంట్లో ఆడేదీ ఇదే ఆట అని ఇంకెప్పుడూ అనను.

తల్లిదండ్రుల్ని హాల్లోకి రానివ్వరు. బయట వేపచెట్టు కింద మా సభ. ఒకాయన పలాస నుంచి రాత్రి రైలెక్కి కొడుకుని తీసుకొచ్చాడు. ఇంట్లో ఆడితే ఫిడే, అంటే ప్రపంచ చెస్ సమాఖ్య, ఇచ్చే రేటింగు రాదు కాబట్టి ఈ తిప్పలు. ఆయన్ని చూస్తే నా పదిహేను వందలు గుర్తుకు తెచ్చుకోవడానికే సిగ్గేసింది. "అన్నీ ఆన్‌లైన్ చేసేస్తే మాలాంటి వాళ్ళకి బాగుండునండీ" అన్నాడు. ఇంకొకాయన వెంటనే దేశాల జట్లు ఆడిన 2020 ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ సంగతి ఎత్తాడు. ఫైనల్లో రష్యా మీద ఆడుతుంటే మనవాళ్ళిద్దరికి నెట్ పోయి టైమ్ అయిపోయింది. అప్పీలు చేస్తే ఫిడే రెండు జట్లకీ బంగారం ఇచ్చింది. మా గుంటూరువాళ్ళు హరికృష్ణ, హారిక ఉన్న జట్టే అది, నేనూ ఆ రోజు సంబరపడ్డాను. కానీ అంతకుముందు క్వార్టర్ ఫైనల్లో మన మీదే ఆడుతూ నెట్ పోయిందన్న ఆర్మేనియా అప్పీలుని కొట్టేశారు. వాళ్ళు అలిగి వెళ్ళిపోయారు. అది మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం.

ఐదో రౌండులో రెండు జడల పెద్దపిల్ల చేతిలో ఓడింది. ఏడుస్తూ వస్తుందనుకున్నా, ఎంతకీ రాలేదు. చూస్తే వరండాలో ఇద్దరూ బోర్డు పరుచుకుని నేల మీద కూర్చున్నారు. "ఇక్కడ నువ్వు బిషప్ తియ్యాల్సింది, నాకు భయమేసింది తెలుసా" అంటోంది ఆ పిల్ల. మా పాప నోరు తెరుచుకుని వింటోంది. ఇంట్లో ఓడినప్పుడైతే ఫోను సోఫాలోకి విసిరేసి ఇంకో ఆట మొదలుపెడుతుంది.

మొత్తం ఏడింటికి మూడు పాయింట్లు. బస్సులో నా భుజం మీద పడి నిద్రపోయింది.

చెస్ గడియారం ధర చూశాను, వచ్చే నెల జీతం వచ్చాక కొనాలి. అందాకా నా ఫోన్లో క్లాక్ యాప్ పెట్టి బోర్డు పక్కన ఉంచుతాను. ఎత్తు వేసిన చేత్తోనే నొక్కాలట, అది కూడా నాకు ఇవాళే తెలిసింది.