పన్ను అక్కడ, పాట్లు ఇక్కడ

ఏదో నములుతుంటే ఎడమవైపు లోపల ‘టిక్’మంది. నొప్పి లేదు. నాలుకతో తడిమి చూస్తే పన్ను ఉన్నచోటే ఉంది, కానీ వేలితో అటూ ఇటూ నొక్కితే వెంట్రుకవాసి ఆడింది. అది నా సొంత పన్నయితే అంత కంగారు పడేదాన్ని కాదు. రెండుసార్లు విమానం ఎక్కి, వేరే దేశంలో పెట్టించుకుని వచ్చిన ఇంప్లాంట్ అది, ఎముకలో మర దింపి దాని మీద బిగించే పెట్టుడు పన్ను. ఆ పైపన్ను బిగించి అప్పటికి సరిగ్గా 7 వారాలు.

వెనక్కి వెళ్లి చెప్పాలి. కింది దవడలో ఎడమవైపు పెద్ద పన్ను, ఎప్పుడో రూట్ కెనాల్ చేయించుకున్నది, నిలువునా చీలిపోయింది. ఇక నిలవదని తీసేశారు. ఆ ఖాళీలో ఇంప్లాంట్ పెట్టించుకోవాలంటే ఇక్కడ చెప్పిన ఖర్చు విని మా ఆయన, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా చెల్లెలు బయటి దేశంలో ఉంటుంది. “అక్కా, ఇక్కడ అందులో సగం కూడా అవదు, ఎలాగూ నన్ను చూడ్డానికి రావాలనుకుంటున్నావుగా” అంది. వెళ్లాను. చేసిన డాక్టరు చేతిలో పనితనం ఉంది, ఆ మాట ఇప్పటికీ అంటాను. తక్కువలో అవుతుందని వెళ్లి మోసపోయిన కథ కాదిది. పని బాగానే చేశారు, ఆ పని తాలూకు వివరాలేవీ నాతో రాలేదు, అంతే.

మొదటి ప్రయాణంలో ఎముకలో టైటానియం మర దింపి, పైన చిగురులోంచి కనిపించేలా చిన్న లోహపు బొత్తాం లాంటిది పెట్టి, చుట్టూ కుట్లు వేశారు. రెండో రోజుకీ మూడో రోజుకీ బుగ్గ బాగా వాచింది, ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. కుట్లు పదో రోజుకి తీయాలి. నా టికెట్టు ఆరో రోజుకి. “మీ ఊళ్లో ఎవరైనా తీసేస్తారు, ఐదు నిమిషాల పని” అన్నారు. నిజమే, ఐదు నిమిషాల పనే. కానీ ఇంటికొచ్చాక మొదట వెళ్లిన క్లినిక్‌లో “మేం వేసిన కుట్లు కాదు, లోపల ఏముందో మాకు తెలియదు, ఆ బొత్తాం తగిలి ఊడితే మా మీదికొస్తుంది” అని చెయ్యి పెట్టలేదు. రెండో చోట ఎక్స్‌రే తీసి చూసుకుని తీశారు. అప్పుడైనా నాకు వెలిగి ఉండాల్సింది. కుట్లకే ఇంత గొడవైతే రేపు ఇంకేదైనా వస్తే ఎవరు చూస్తారని ఒక్కసారి కూడా అనుకోలేదు, కుట్లు పోయాయి కదా అని హాయిగా ఉన్నాను.

నాలుగు నెలలు ఆగి రెండోసారి వెళ్లాను. ఎముక పట్టుకుంది, బాగుంది అన్నారు. కొలతలు తీసుకున్నారు, మర మీద పెట్టే పన్ను ఆకారపు క్యాప్ వచ్చింది, బిగించారు, అద్దంలో చూపించారు. మర్నాడే తిరుగు ప్రయాణం. ఈసారైనా నాలుగు రోజులు అదనంగా ఉండి, బాగా వాడి చూసుకుని, మళ్లీ ఒకసారి చూపించుకుని బయల్దేరి ఉంటే బాగుండేది. చేతికి ఇచ్చిందల్లా ఒక రసీదు, వాళ్ల భాషలో ఒక పేజీ, ఒక గ్యారంటీ కార్డు. ఆ కార్డు మీద బంగారు రంగు అంచు కూడా ఉంది.

ఇక టిక్‌మన్న రోజుకి వద్దాం. రెండు రాత్రులు నిద్ర లేదు. ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన 1952లో కుందేళ్ల ఎముకలో టైటానియం అతుక్కుపోవడం గమనించాడట, 1965లో మొదటి మనిషికి పెడితే ఆ మనిషి పోయేదాకా, నలభై ఏళ్ల పైనే, అవి పనిచేశాయట. ఆ మనిషికి నలభై ఏళ్లు, నాకు ఏడు వారాలు! చదివిన కొద్దీ టెన్షన్ పెరిగింది తప్ప తగ్గలేదు. ఇంకో సంగతి కూడా గమనించాను. దంతధావనం అప్పుడు అక్కడ రక్తం వస్తోంది, ఏదో చెడు వాసన కూడా. అసలు ఆ పన్ను పక్కకి బ్రష్ పోనివ్వడమే మానేశాను, ఊడి వస్తుందేమోనని.

మొదట చూసిన డాక్టరు గారు “ఏ కంపెనీదమ్మా?” అని అడిగారు. తెలియదన్నాను. “అక్కడ చేయించుకుని ఇక్కడికొచ్చారా” అని ఒక నవ్వు నవ్వారు, నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. తర్వాతి చోట మొత్తం తీసేసి కొత్తది పెట్టాలన్నారు, ఎక్స్‌రే కూడా తీయకుండా. మూడో చోట ఒక డాక్టరమ్మ, నా కూతురు వయసుంటుందేమో, ముందు కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమంది. తర్వాత చిన్న ఎక్స్‌రే తీసి తెర మీద పెట్టి చూపించింది.

“ఆంటీ, మామూలు పన్నుకీ ఎముకకీ మధ్య సన్నటి పొర ఉంటుంది, కొరికినప్పుడు మెత్త పెట్టినట్టు ఆ పన్ను కాస్త దిగుతుంది. ఇంప్లాంట్‌కి ఆ పొర ఉండదు, ఎముకకి నేరుగా అతుక్కుంటుంది. కాబట్టి ఇంప్లాంటే కదిలితే అది పోయినట్టే లెక్క. కానీ చూడండి, మీ ఎముక మర చుట్టూ గట్టిగా పట్టుకునే ఉంది. కదిలేది పైన క్యాప్. దాన్ని లోపలికి బిగించిన స్క్రూ వదులైంది.”

నాకు ఆ మాటతో సగం జబ్బు తగ్గింది. మిగతా సగం ఆమె తర్వాతి మాటతో మళ్లీ వచ్చింది. స్క్రూ బిగించాలంటే ఆ కంపెనీ స్క్రూడ్రైవరే కావాలట. ఒక్కో కంపెనీ స్క్రూ తల ఒక్కో ఆకారం, లోపల జాయింటు కూడా వేరు. సరిపోని దానితో తిప్పితే తల అరిగిపోయి ఇక ఎవరూ తీయలేని స్థితి వస్తుంది. ఎక్స్‌రేలో ఆకారం చూసి ఊహించొచ్చు గానీ, ఊహ మీద తిప్పనంది. క్యాప్ కదులుతున్న కొద్దీ స్క్రూ విరిగే ప్రమాదం ఉంది, అందుకని ఆ వైపు నమలొద్దు, పది రోజుల్లో వివరాలు తెప్పించుకోండి అంది.

ఏమేం కావాలో ఆమే ఒక చీటీ మీద రాసిచ్చింది. ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, వెడల్పు, పొడవు, లాట్ నంబరు, క్యాప్ స్క్రూతో బిగించారా సిమెంటుతో అంటించారా, ఎంత బలంతో బిగించారు, క్యాప్ పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే. ఈ చివరిది ఎందుకంటే, ఎముక తగ్గుతోందో లేదో చెప్పాలంటే మొదట ఎక్కడుందో తెలియాలి కదా.

మెయిల్ పెట్టాను. రెండు రోజుల తర్వాత జవాబు, “మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, గ్యారంటీ ఉంది, ఎప్పుడైనా రండి, ఉచితంగా చూస్తాం.” ఉచితమే, విమానం తప్ప. మళ్లీ రాశాను, మళ్లీ అదే జవాబు. మూడోసారి మా చెల్లెల్నే పంపించాను. అక్కడి నుంచి ఫోన్ చేసి “అక్కా, రిసెప్షన్‌లో అమ్మాయి నీ ఫైలు తెరిచి కూర్చుంది, ఏం కావాలో ఒక్కొక్కటే చదువు” అంది. నేను చీటీ చదవడం, అది వాళ్ల భాషలో చెప్పడం, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పది రోజులు నేను మెయిల్లో ఏడ్చిన ఏడుపు! ఇంప్లాంట్ డబ్బా మీద స్టిక్కర్ ఉంటుంది, కంపెనీ, సైజు, లాట్ నంబరు అన్నీ దాని మీదే ఉంటాయి. అది వాళ్ల ఫైల్లో అంటించే ఉంది. అలాంటి స్టిక్కర్లు డబ్బాలో రెండు మూడు వస్తాయట, ఒకటి రోగికి ఇవ్వడానికే. నాకు ఇవ్వలేదు, ఇవ్వమని అడగాలని నాకూ తెలియదు.

స్టిక్కర్ ఫోటో వచ్చాక కూడా చిన్న తికమక. వాళ్ల కాగితంలో పన్ను నంబరు 36. మా చెల్లెలు ఒక యాప్‌లో వెతికి “అక్కా, 19 అని చూపిస్తోంది, వేరే వాళ్ల ఫైలు ఇచ్చారేమో” అని హడలగొట్టింది. డాక్టరమ్మ నవ్వేసింది. పళ్లు లెక్కపెట్టే పద్ధతులు ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి, ఒకదాన్లో 36 అన్నదే ఇంకోదాన్లో 19, రెండూ నా పన్నే.

ఆ కంపెనీ డ్రైవరు ఆమె తెలిసిన వాళ్ల దగ్గర అడిగి తెప్పించింది, కొత్త స్క్రూ కూడా. ఇంజెక్షన్ ఏమీ అక్కర్లేకపోయింది, అక్కడ నరం లేదు కదా. క్యాప్ పైన మధ్యలో పన్ను రంగు పూత చిన్న గుండ్రంగా ఉంటే దాన్ని తొలిచింది. కింద నుంచి తెల్లటి టేపు బయటికి లాగింది, పైపుల మరలకి చుట్టే టెఫ్లాన్ టేపు లాంటిదే, స్క్రూ తల కాపాడడానికి కూరుతారట. ఆ టేపు బయటికి రాగానే వాసన నాకే కొట్టింది. నేను రెండు వారాలుగా ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్న వాసన అదే. వదులైన సందులోకి ఉమ్మి, తిండి తునకలు చేరి కుళ్లాయన్నమాట. క్యాప్ బయటికి తీసి, శుభ్రం చేసి, లోపలంతా కడిగి, కొత్త స్క్రూతో పెట్టింది. బిగించేది మామూలు స్క్రూడ్రైవరు కాదు, ఎంత బలం పెడుతున్నామో గీతల మీద చూపించే చిన్న రెంచి. నా ఇంప్లాంట్ కంపెనీ లెక్క 35 న్యూటన్ సెంటీమీటర్లు, కంపెనీని బట్టి మారుతుందట. బిగించి, “పది నిమిషాలు కూర్చోండి ఆంటీ” అంది. మొదట బిగించాక మరలు ఒకదాన్లో ఒకటి సర్దుకుని కాస్త వదులవుతాయట, అందుకని ఆగి మళ్లీ బిగించాలి. నా క్యాప్ పెట్టినప్పుడు ఇలా ఆగారా అని ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు.

తర్వాత రంగు కాగితం కొరికించింది. క్యాప్ మీద ఒకచోట ముదురు మచ్చ పడింది. పక్క పళ్లు మెత్తగా దిగుతాయి, ఇది దిగదు, అందుకని కాస్త ఎత్తున్నా దెబ్బంతా దీనికే. రాత్రి పళ్లు కొరుకుతారా అని అడిగింది. నేను లేదంటుంటే పక్కనుంచి మా ఆయన “కొరుకుతుంది డాక్టర్ గారూ, నాకు మెలకువ వస్తుంది” అన్నాడు. ముప్ఫై ఏళ్లలో నాకు ఒక్కసారీ చెప్పలేదు! ఆ మచ్చ అరగదీసి, రాత్రి పెట్టుకునే గార్డుకి కొలత తీసుకుంది.

రక్తం సంగతి వేరే. చిగురు వాపు మాత్రమే, ఎముక దాకా పోలేదు, ఈ దశలో శుభ్రం చేస్తే వెనక్కి తగ్గుతుంది, ఎముక కరగడం మొదలైతే పూర్తిగా బాగుచేయడం కష్టం అంది. ఇంప్లాంట్‌కి నరం లేదు కాబట్టి నొప్పి వచ్చి మనల్ని హెచ్చరించదు, రక్తమే హెచ్చరిక. నేనేమో రక్తం చూసి బ్రష్ మానేశాను. సరిగ్గా చేయకూడనిదే చేశాను. షుగర్ పరీక్ష కూడా చేయించమంది, అది ఎక్కువుంటే చిగురు త్వరగా మానదట. నాది హద్దులోనే ఉంది. రెండు వారాలు క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్, అంతకు మించి వాడితే పళ్లు గోధుమరంగుకి తిరుగుతాయని గట్టిగా చెప్పింది. సందుల్లోకి వెళ్లే చిన్న బ్రష్ మాత్రం రోజూ, ఎప్పటికీ. మొదటి వారం అది పెట్టినప్పుడల్లా గులాబీ రంగు నురగ వచ్చేది, చేతులు వణికేవి. మూడో వారానికి ఆగిపోయింది.

మూడు నెలలకి వెళ్లాను, ఆర్నెల్లకి వెళ్లాను. ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూపించింది, మొదటి ఏడాది మర పైభాగం దగ్గర ఎముక కాస్త తగ్గడం మామూలేనట, నాకు అందులోపే ఉంది. స్టిక్కరు ఫోటో, చీటీ, ఎక్స్‌రేలన్నీ ఫోన్‌లో ఒక ఫోల్డరు, మా చెల్లెలి దగ్గర ఒక కాపీ. అక్కడికి వెళ్లి చేయించుకుంటాను అని ఎవరైనా నన్ను అడిగితే వెళ్లొద్దని మాత్రం చెప్పను. వెళ్లే ముందే ఇక్కడ ఒక డాక్టర్ని చూసుకుని, తర్వాత మీరు చూస్తారా, ఏ కంపెనీవి మీ దగ్గర డ్రైవర్లున్నాయి అని అడిగి వెళ్లమంటాను. నేను అడిగి ఉంటే ఆ డాక్టరు గారి నవ్వు ముందే చూసేదాన్ని, వేరే వాళ్లని వెతుక్కునేదాన్ని.

గ్యారంటీ కథ ఇంకా నడుస్తోంది. ఏడాదికోసారి వాళ్ల దగ్గర చెకప్ చేయించుకుంటేనే గ్యారంటీ ఉంటుందని కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. ఇక్కడి ఎక్స్‌రే పంపిస్తే ఒప్పుకుంటారా అని రాశాను. ఒప్పుకుంటాం, పన్ను ఫోటోలు కూడా పంపండి అన్నారు. నిన్న రాత్రి నేను స్పూను కాడతో బుగ్గ లాగి పట్టుకుంటే మా ఆయన ఫోన్ లైటు వేసి పదకొండు ఫోటోలు తీశాడు. అన్నీ కుడివైపు పన్నువి.