ఈటెలోళ్ళు, ఎముకలోళ్ళు, మూడు గడుల నీళ్ళు

నిన్న రాత్రి ఒక కంప్యూటర్ ఆటలో పదకొండోసారి ఓడిపోయాను. ఒంటిగంటన్నరకి లాప్‌టాప్ మూత ఠప్పున వేస్తే పక్కగదిలోంచి అమ్మ "ఏవైందిరా?" అని లేచింది. ఎముకలోళ్ళు చంపేశారమ్మా అని ఏం చెప్తాం. "దోమ" అన్నాను.

వరద సెలవులివి. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక నడుస్తోంది, అంటే 13.75 అడుగులు, 13 లక్షల క్యూసెక్కుల లెక్క. వశిష్ఠ గోదావరి మీద పంటు, అంటే జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ, ఆపేశారు. నరసాపురంలో ఉద్యోగానికి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవచ్చు గానీ, ఓనరు గారే నాలుగు రోజులు రావద్దులే అన్నారు. అలా మొదలైంది ఈ పిచ్చి.

ఆట పేరు బాటిల్ ఫర్ వెస్నాత్. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టాడు, కంప్యూటర్ మీద ఆడటానికి ఇప్పటికీ పైసా అడగరు. ఇలాంటి స్ట్రాటజీ ఆటలు, చదరంగంలా టర్ను టర్నుకి, అంటే వంతులవారీగా, దండుని నడిపేవి, ఇంతకుముందు ఆడి ఎరగను. హీరోస్ 3 అనే పాత ఆటతో మొదలుపెట్టమని చెప్పినవాళ్ళున్నారు. అది తర్వాత కొంటాను. కొనేవాళ్ళకి ఒక్కమాట: 2015లో వచ్చిన హెచ్‌డి ఎడిషన్ జోలికి వెళ్ళకండి, అందులో రెండు ఎక్స్‌పాన్షన్లూ (ఆటకి తర్వాత కలిపిన భాగాలు) లేవు. గాగ్ (GOG) అనే ఆటలమ్మే సైటులో కంప్లీట్ ఎడిషన్ తీసుకోండి. వెస్నాత్‌కైతే నా సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడే ఎక్కువ. కరెంటు పోయినా రెండు గంటలు లాగుతోంది. మౌసుకి లాజిటెక్ బి100 చాలు. రంగుల లైట్లు వెలిగే గేమింగ్ మౌసులు టర్నుల ఆటకి శుద్ధ దండగ, ఇక్కడ ఎవడూ మనల్ని తరమడు.

ట్యుటోరియల్ అయిపోయింది. అన్నదమ్ముల కథ ఉన్న చిన్న క్యాంపెయిన్ (కథలా సాగే వరుస యుద్ధాలు) కూడా గెలిచేశాను. ఇక అసలు గొడవకొస్తా.

కంప్యూటర్‌తో విడిగా ఒక ఆట ఆడదామని మ్యాపుల జాబితా చూస్తుంటే "సేబుల్‌స్టోన్ డెల్టా" అని కనపడింది. డెల్టా అంటే మనదే కదా అని నొక్కేశాను. నేను లాయలిస్టులు (రాజు పక్షం మనుషులు), వాడు అండెడ్ (చచ్చి లేచినవాళ్ళు). ఆట రోజులో ఏ వేళ మొదలవ్వాలో ఇష్టమొచ్చినట్టు మార్చే ఆప్షన్ తీసేశాను, ప్రతి ఆటా తెల్లవారుజామునే మొదలవ్వాలని. నాకు నచ్చిన సైనికుడు స్పియర్‌మన్, అంటే ఈటెవాడు. ధర 14, ప్రాణం 36, దెబ్బకి 7 చొప్పున మూడు పోట్లు. ఆరుగురు ఈటెలోళ్ళని దింపి ఏరు దాటించి అవతలి ఊళ్ళు పట్టేసుకుందామని ప్లాను. నేను పెట్టుకున్న సెట్టింగులో ఊరికి టర్నుకి 2 నాణేలు వస్తాయి, అక్కడ నిలబడితే 8 ప్రాణం తిరిగొస్తుంది. ఎవరికైనా ఆశే కదా.

మొదటి ఆట ఓడాను. రెండు, మూడు, నాలుగు కూడా. ప్రతిసారీ ఒకటే తీరు: ఏటి మధ్యలో స్కెలిటన్లు, అదే ఎముకలోళ్ళు, ఎదురొస్తాయి, రెండు టర్నుల్లో నా దండు సగమైపోతుంది. నాది ఖర్మ అనుకున్నాను మొదట. తర్వాత కంప్యూటర్ మోసం చేస్తోందనుకున్నాను. దెబ్బ తగిలే అవకాశం 60 శాతం అని చూపించి నాకు తగలనివ్వకుండా, వాడికి మాత్రం అన్నీ తగిలిస్తోందని. దీన్ని తేల్చుకోవాలని ఐదో ఆట నుంచి కిరాణా పద్దుల పుస్తకంలో గీతలు గీశాను, ప్రతి దెబ్బకీ ఒక గీత.

మూడు ఆటల గీతలు కూడితే 60 శాతం వరుసలో 214 దెబ్బలు, తగిలినవి 127. నూటికి 59. మోసం లేదు. అయితే ఆ పుస్తకంలో ఇంకో వరుస ఉంది, నేను అంతవరకూ దాని వంక చూడలేదు. ఎముకలోళ్ళు నా మీద వేసిన 150 దెబ్బల్లో 96 దెబ్బలు 80 శాతం వరుసలో పడ్డాయి! వాటిలో తగిలినవి 78. మనవాళ్ళకి 80 శాతం దెబ్బలెందుకు పడుతున్నాయంటే, మనవాళ్ళు నీళ్ళలో నిలబడి ఉన్నారు కాబట్టి. లోతులేని నీళ్ళలో మనిషికి డిఫెన్సు, అంటే దెబ్బ తప్పించుకునే అవకాశం, 20 శాతమే. మైదానంలో 40, ఊళ్ళో 60. గడి మీద మౌసు పెడితే చూపిస్తుంది కూడా. నేను చూడలా.

లెక్క వేసి చూశాను. రాత్రిపూట స్కెలిటన్‌కి పావు వంతు బలం పెరుగుతుంది, 7 దెబ్బ 9 అవుతుంది, మూడుసార్లు కొడతాడు. నా ఈటెవాడి ప్రాణం 36, అంటే నాలుగు దెబ్బలు. ఇద్దరు ఎముకలోళ్ళు మీద పడితే ఆరు దెబ్బలు. ఆరులో నాలుగు తగిలే అవకాశం నీళ్ళలో 90 శాతం, మైదానంలో 54, ఊళ్ళో 18. వాడే మనిషి, అదే ఈటె, కాలి కింద గడి మారితే చాలు. పోనీ నా పోటు వాళ్ళకి తగిలితే? ఎముకకి ఈటె దిగదు, 60 శాతం తగ్గిపోతుంది. పైగా రాత్రి లాయలిస్టులకి పావు వంతు కోత. 7 కాస్తా 2. పుల్లతో పొడిచినట్టు.

ఇంతవరకూ అర్థమయ్యాక ఎనిమిదో ఆట గెలిచేస్తాననుకున్నాను. పొద్దున్నే దాటేస్తే పోలా అని. పోదు. ఈటెవాడికి టర్నుకి 5 అడుగులు, నీళ్ళ గడికి 3 ఖర్చు. ఒక్క నీళ్ళ గడి దిగాక మిగిలేది 2, రెండో నీళ్ళ గడికి చాలదు. నేను దాటే చోట నీళ్ళు మూడు గడులు. అంటే మూడు టర్నులు నీళ్ళలోనే, నాలుగోదానికి గట్టెక్కడం. ఆటలో రోజుకి ఆరు టర్నులు: తెల్లారి, ఉదయం, మధ్యాహ్నం, సందె, రాత్రి రెండు జాములు. దండు కూడి ఏటి ఒడ్డుకి చేరేసరికి మూడో టర్ను, మధ్యాహ్నం. నాలుగు సందె. ఐదు చీకటి, మనం మూడో గడిలో మోకాలి లోతున. పోనీ రాత్రంతా ఆగి ఏడో టర్నుకి దిగితే, గట్టెక్కేది పదో టర్నుకి, మళ్ళీ సందె. వాడికి బలమొచ్చే వేళకి మనం తడిబట్టలతో వాడి గుమ్మంలో ఉంటాం. పోటూ పాటూ చూసుకోకుండా పడవ తీసినవాడి బతుకు ఇదే. రోజూ పంటు కోసం రేవులో నిలబడేవాణ్ణి, నాకే ఇది తట్టడానికి ఎనిమిది ఆటలు పట్టింది.

తొమ్మిదో ఆట ఆడుతుంటే మావయ్య వచ్చి వెనకాల కూర్చున్నాడు. ఆయనకి గోదావరి లంకలో అరటి ఉంది, ప్రస్తుతం నీళ్ళ కింద ఉంది, మనసు బాగోక మా ఇంటికొచ్చాడు. కాసేపు చూసి "ఆ ఈటెలోళ్ళు నీళ్ళలోకెందుకు దిగుతున్నార్రా?" అన్నాడు.

"అవతలికెళ్ళడానికి మావయ్యా."

"అవతలోడు ఇవతలికి రాడా?"

వస్తాడు. ఈ ఆటలో కంప్యూటర్‌కి ఓపిక లేదు, మనం కదలకపోతే వాడే వస్తాడు. స్కెలిటన్‌కి కూడా నీళ్ళలో 20 శాతమే. దాంతో పదో ఆటలో గట్టున ఊళ్ళలో దండుని నిలబెట్టాను, వెనక ఇద్దరు మేజ్‌లు, అంటే మంత్రగాళ్ళు. మేజ్ మంత్రం ఎప్పుడైనా 70 శాతం తగులుతుంది, నిప్పు కాబట్టి ఎముకకి ఇంకా గట్టిగా: పగలు దెబ్బకి 10, రాత్రి 6. చాలాసేపు బ్రహ్మాండంగా నడిచింది. నలుగురు ఎముకలోళ్ళని ఏట్లోనే పడగొట్టాను.

తర్వాత జరిగింది చెప్తే నవ్వుతారు. ఎడమ పక్కన లోతు నీళ్ళున్నాయి, అటు ఎవరూ లేరు, తెర మీద నీలం తప్ప ఏం లేదు. సందె టర్ను అయింది. ఆ నీలంలోంచి ముగ్గురు స్కెలిటన్లు లేచి నా మేజ్‌ల పక్కనే నిలబడ్డారు! మావయ్యా నేనూ ఇద్దరం "అమ్మో" అన్నాం. తర్వాత సహాయం పేజీ చదివితే తెలిసింది, స్కెలిటన్‌కి లోతు నీళ్ళలో మునిగి దాక్కునే విద్య ఉంది, మనవాళ్ళు పక్కన ఉంటే తప్ప కనపడడు. మేజ్ ప్రాణం 24, మూడు 9లు తగిలితే సరి. సరిపోయింది.

పదకొండు, అంటే నిన్నటిది. ఈసారి హెవీ ఇన్‌ఫాంట్రీ తెచ్చాను, ధర 19, గద మనిషి. ఎముకలు విరగ్గొట్టడానికి గదే కావాలి, కత్తులూ ఈటెలూ కాదు. ఒంటి నిండా ఇనుము కాబట్టి స్కెలిటన్ దెబ్బ రాత్రయినా 4కి పడిపోతుంది. నీళ్ళ గడికి ఒక టర్ను మొత్తం తినేస్తాడు గానీ, ఈటెవాడు మాత్రం ఏం చేశాడు, వాడిదీ గడికో టర్నే కదా. ఇద్దరిని గట్టున కుదేశాను, లోతు నీళ్ళ పక్కన ఒక చవక సైనికుణ్ణి కాపలా పెట్టాను, దాక్కున్నవాళ్ళు బయటపడేలా. ఎముకల బెడద వదిలింది. అప్పుడొచ్చారు డార్క్ అడెప్టులు, నల్ల ముసుగులోళ్ళు ఇద్దరు. వాళ్ళ చలి మంత్రానికీ 70 శాతమే, ఊరూ గట్టూ ఏదీ అడ్డం కాదు, ఇనుమూ అడ్డం కాదు. నాలుగు మంత్రాలేశారు, నాలుగూ తగిలాయి. అలా తగిలే అవకాశం 24 శాతం. గదవాడు పడిన ఖాళీలోంచి మిగతావాళ్ళు లోపలికొచ్చి నాయకుణ్ణి పట్టుకున్నారు. మూత ఠప్పున పడింది అప్పుడే.

దెబ్బ తగలకపోతే వెనక్కి లోడ్ చేసుకుని మళ్ళీ ఆడేవాళ్ళున్నారు. నేను చెయ్యను. పేకాటలో నచ్చని ముక్క వచ్చిందని తిరిగి పంచమన్నట్టుంటుంది. కరెంటు పోతే మాత్రం లోడ్ చేస్తాను, అది వేరే.

పన్నెండుకి ఆలోచన ఇది. అడెప్టుకి దగ్గరి యుద్ధం రాదు, పక్కకెళ్ళి కొడితే తిరిగి కొట్టలేడు. అక్కడికి వేగంగా వెళ్ళేది గుర్రం. కావల్రీమన్ ధర 17, అడుగులు 8, నీళ్ళ గడికి 4, అంటే టర్నుకి రెండు గడులు ఈదేస్తాడు. ఇద్దరు గుర్రాలోళ్ళు, ఇద్దరు గదలోళ్ళు, ఒక మేజ్. కాపలా చవకవాడి బదులు ఒక మెర్‌మన్ (సగం చేప, సగం మనిషి), నీళ్ళలో వాడికి 60 శాతం డిఫెన్సు. వాడి త్రిశూలం ఎముకకి దిగకపోయినా దారి ఆపుతాడు, అది చాలు. ఈటెలోళ్ళు ఈసారి ఒక్కడు కూడా లేరు, మనసుకి కష్టంగానే ఉంది. ఇది గెలిచాక "హెయిర్ టు ద థ్రోన్" క్యాంపెయిన్ మొదలుపెడతాను, గెలవకపోయినా మొదలుపెడతానేమో.

పొద్దున కాఫీ తాగుతూ ఇదంతా మావయ్యకి చెప్పాను. నీరు ఒక అడుగు తీసిందట, అరటి సంగతి రేపు చూస్తానన్నాడు. ఒకే లాప్‌టాప్ మీద ఇద్దరు ఆడే వీలుందా అని అడిగాడు. లోకల్ గేమ్‌లో ఉంది మావయ్యా, నువ్వు కాసేపు నేను కాసేపు అన్నాను.

"అయితే ఆ నీళ్ళలోంచి లేచేవాళ్ళని నాకియ్యరా" అన్నాడు.